సోమవారం నీళ్ళు తాగిన ఇంజను

పోయిన నెల వేలూరు నుంచి గుడియాత్తం వస్తుంటే పళ్ళికొండలో మా బస్సు ఆగిపోయింది. ముందు మూత సందుల్లోంచి ఆవిరి బుసలు కొడుతోంది. కండక్టరు టీ అంగడి తొట్టిలో బకెట్టు ముంచుకొచ్చి, చేతికి గుడ్డ చుట్టుకుని మూత తిప్పబోయాడు. నేను సీటులోంచి ఎప్పుడు లేచానో, ఎప్పుడు కిందికి దిగానో నాకు తెలియదు. "పొయ్యొద్దప్పా! చల్లారనీ!" అని అరుస్తూ అతని చెయ్యి పట్టుకున్నాను. డ్రైవరు నోట్లోంచి బీడీ తీసి నవ్వాడు. "ఏం తాతా, బండి మీదా?" అన్నాడు. "కాదు నాయనా. కాలే ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగిలిపోతాది," అన్నాను. "అది మాకు తెలుసు. పంచె కట్టుకుని చేతిసంచి పట్టుకున్న పెద్దాయన, మీకు యాడ తెలిసింది?" అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. బస్సు చల్లారడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో చెప్పదగ్గ కథే, కానీ చెప్పలేదు. చెప్పవలసిన చోట నోరు మూసుకోవడం చాలా ఏళ్ళ కిందటే అలవాటు చేసుకున్నవాణ్ణి.

నాన్న పోయాక అమ్మా నేనూ గుడియాత్తంలో మునిరత్నం మామ ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయన అమ్మకు సొంత అన్న. మాది నేతగాళ్ళ వీధి. తెల్లవారేసరికి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పడుగులు సాగదీసి గంజి పట్టించేవాళ్ళు. ఎండ ఎక్కేలోగా ఆ పని అయిపోవాలి. మగవాళ్ళు కుంచెలు పట్టుకుని పడుగుకు అటొకరు ఇటొకరు నడుస్తుంటే, ఎవరింటికి ఎవరు పోవాలన్నా దారాల కింద వంగి పోవలసిందే. పులిసిన గంజి వాసన మా వీధిలో పుట్టినవాళ్ళకు అన్నం వాసన లాంటిది. ఇంటి వెనక రంగు కొట్టం. అది అత్త రాజ్యం. కైలీ లుంగీలకు కావలసిన ఎర్ర నూలు అక్కడే రంగు తేలేది. పెద్ద రాగి కాగుల కింద పొద్దున ముట్టించిన పొయ్యి సాయంత్రం దాకా ఆరేది కాదు. అత్త చేతులు మోచేతుల దాకా ఎరుపు. ఆ చేత్తోనే అన్నం పెట్టేది, ఆ చేత్తోనే మాకు తలంటేది, ఏ సబ్బుకూ ఆ రంగు పోయేది కాదు. ఇక మామకు ఒక అలవాటు. నూలు తెచ్చినవాడు ఎంత పాత మనిషైనా సరే, ఒక పోగు తీసి నాలుక మీద తడిపి, రెండు చేతులా లాగి, తెగిన కొసను కంటి దగ్గర పెట్టుకుని చూసేవాడు. బియ్యం వాసన చూసేవాడు. నూనె బొట్టు గోటి మీద వేసుకుని చూసేవాడు. కొత్త మనిషి వస్తే ఎదురుగా కూచోబెట్టి తాంబూలం ఇచ్చి, అతను నమిలేదాకా ఒక్క మాటా మాట్లాడకుండా చూసేవాడు. మా ఇంట్లో అనుమానానికి తెలివి అని పేరు. వేలూరు బడిలో చదువుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కల కన్నా నేను బాగా నేర్చుకున్నది ఆ తెలివినే.

అలాంటి మామకు బియ్యం మిల్లు పెట్టాలని బుద్ధి పుట్టింది. చెన్నపట్నం రేవులో ఒక పాత మోటారు పడవను ముక్కలు చేసి అమ్ముతుంటే అందులోని ఇంజను కొన్నాడు. అది గూడ్సు బండిలో గుడియాత్తం స్టేషనుకు వచ్చి, అక్కణ్ణించి ఎద్దుల బండి మీద ఊళ్ళోకి వచ్చింది. దానికి పాచి, కిరసనాయిలు కలిసిన వాసన. సముద్రం చూడని మా వీధి ఆడవాళ్ళు గుంపుగా వచ్చి, వేలితో దాన్ని రాసి ఆ వేలు నాలుక మీద పెట్టుకుని, "నిజమేనమ్మా, ఉప్పగానే ఉండాది" అని మురిసిపోయారు.

ఇంజనుతో పాటు దేవసహాయం వచ్చాడు. పడవలో దాన్ని నడిపినవాడు. వేలూరు మనిషే, తెలుగు మాట్లాడే కిరస్తానీ కుటుంబం. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా ఉండేవాడు, మాట తక్కువ. అరవంలో యజమానిని పిలిచినట్టు మామను మొదలాళి అనీ నన్ను చిన్న మొదలాళి అనీ పిలిచేవాడు. నాకప్పుడు ఇరవై రెండు. అతని వయసులో సగం ఉన్న నేను "ఏమప్పా దేవసహాయం" అని పేరు పెట్టి పిలిచేవాణ్ణి. అది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. రంగు కొట్టం పక్కనే మిల్లుకని వేసిన తాటాకు పందిరి కింద మూడు నెలలు కూచుని అతను ఆ ఇంజన్ని ముక్కముక్కగా విప్పాడు. తుప్పు గీకాడు, బేరింగులు కొత్తగా పోతపోశాడు, పిస్టనుకు కొత్త రింగులు తొడిగాడు. సిలిండరు మీద బోర్లించే బరువైన పోత ఇనుప మూత ఒకటి ఉంటుంది. దాన్ని తల అనేవాళ్ళం. దాని గోడల మధ్య నీళ్ళు తిరగడానికి ఖాళీ ఉంటుంది. అదొక్కటి మాత్రం పాతదే ఉంచాడు. "ఇది మంచి పోత మొదలాళీ. ఇన్నేండ్లు సముద్రమే దీన్ని ఏం చెయ్యలేకపోయింది," అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అన్నీ మార్చినవాడు ఇదెందుకు మార్చలేదు అనుకున్నాను. నా లోపల అనుమానానికి మొదటి పోగు అదే.

ఇంజను పక్కన పెద్ద ఇనుప తొట్టి పెట్టించి, పైన ఒక గొట్టం, కింద ఒక గొట్టం తగిలించాడు. తలలో కాగిన నీళ్ళు వాటంతట అవే పై గొట్టంలోంచి తొట్టిలోకి వచ్చి, చల్లారి, కింది గొట్టంలోంచి మళ్ళీ ఇంజనుకు పోయేవి. తొట్టి లోపల, పై గొట్టానికి జానెడు ఎత్తున తెల్లగా ఒక గీత గీసి నన్ను పిలిచాడు. "చిన్న మొదలాళీ, పడవలో అయితే సముద్రమంతా మన తొట్టే. ఈడ మనకు ఉండేది ఇంతే. నీళ్ళు ఈ గీత దిగకూడదు. పై గొట్టం దాకా దిగినాయంటే తిరగడం ఆగిపోతాది, తల కాలిపోతాది. అట్లా అయితే ఇంజను ఆపండి. చల్లారినాక పొయ్యండి. ముందు మాత్రం పొయ్యొద్దండి," అన్నాడు. సరేనన్నాను.

ప్రతి శనివారం మధ్యాహ్నం దేవసహాయం బట్టల మూట కట్టుకుని రైలుకు పోయేవాడు. ఆదివారం వేలూరులో ఇల్లూ చర్చీ చూసుకుని సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చేవాడు. శనివారం సాయంత్రం దాకా ఇంజను నా చేతిలో ఉండేది. శనివారమే అత్తకు పెద్ద రంగు రోజు, ఎందుకంటే సోమవారం నేతగాళ్ళకు నూలు పంచాలి. ఒక శనివారం ఆమె రంగు కొట్టం గుమ్మంలో నిలబడి, పొగకు ఎర్రబడిన కళ్ళు కొంగుతో తుడుచుకుంటూ నన్ను పిలిచింది.

"ఒరే అప్పా, నేనీడ పుల్లలు ఊదీ ఊదీ కండ్లు పోగొట్టుకుంటా ఉంటే, ఆడ కాగిన నీళ్ళు పనీపాటా లేకుండా తిరగతా ఉండాయి గదరా! ఒక బిందె పట్టిచ్చేదానికి నీకేం చేతులు నొప్పా?"

"దేవసహాయం వద్దంటాడత్తా."

"వాడిప్పుడు యాడుండాడు? కాట్పాడి దాటుంటాడు. మిల్లు వాడిదా, మీ మామదా?"

నాకూ అది తెలివిగానే కనిపించింది. నూలుకు రంగు వేసే ఇంట్లో వేడినీళ్ళను ఊరికే పోనివ్వడం పాపం లాంటిది. తొట్టి పక్కనున్న కొళాయి తిప్పి, ఇంజను నడుస్తూ ఉండగానే బిందె మీద బిందె పట్టించాను. కాగులు నిండాక, అవే బిందెలతో బావి నీళ్ళు తోడించి తొట్టిలో పోయించాను. తీసినన్ని మళ్ళీ పోశాం కదా, లెక్క సరిపోయింది అనుకున్నాను. మధ్యలో నీళ్ళు గీత దిగి ఎంతసేపు ఉన్నాయో చూడలేదు. ఆ తర్వాత ప్రతి శనివారం అదే పని. చదివేవాళ్ళకు ఏం జరగబోతుందో ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కాలేదు.

సోమవారాల్లో ఇంజను మొరాయించడం మొదలుపెట్టింది. స్టార్టు చెయ్యడానికి దీపంతో తల వేడెక్కించి చక్రం తిప్పితే రెండుసార్లు తుమ్మి ఆగేది. నడిచినా పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి వచ్చేది, తొట్టిలో బుడగలు లేచేవి. దేవసహాయం పొగగొట్టం చివర అరచెయ్యి అడ్డం పెట్టి, తడి చూసుకుని, "నీళ్ళు తాగతా ఉండాది," అన్నాడు. తల విప్పి, తలకూ సిలిండరుకూ మధ్య ఉండే జాయింటు మార్చి, నట్లు ఎదురెదురువి ఒకదాని తర్వాత ఒకటిగా బిగించాడు. శనివారం దాకా గడియారంలా నడిచింది. సోమవారం మళ్ళీ తాగింది. మళ్ళీ విప్పాడు. జాయింటు ఒకపక్క కాలి ఉంది. దాన్ని చేతిలో తిప్పి చూస్తూ, "శనివారం ఏమన్నా అయిందా చిన్న మొదలాళీ? నీళ్ళు దిగినాయా?" అని అడిగాడు. "ఏం కాలేదప్పా," అన్నాను. అది అబద్ధమని అప్పుడు నాకు నిజంగా తెలియదు. కానీ అతను అడిగిన తీరు నాకు నచ్చలేదు. నన్నే అడుగుతాడా అనిపించింది.

అప్పటి నుంచి నా కళ్ళు అతని మీదే. పెట్టెకు తాళం వేసుకుంటాడు, ఎందుకు? ఒకరోజు కాగితం పొట్లంలో నవాసాగరం కనిపించింది. అది ఇనుప రజనుతో కలిపి పగుళ్ళు పూడ్చడానికి వాడతారని ఎక్కడో విన్నాను. అంటే పగులు ముందే ఉండిందా, దాన్ని పూడ్చి మాకు అంటగట్టాడా? ఊళ్ళోని ఇంకో మిల్లు ఇంజను డ్రైవరుతో స్టేషనులో నవ్వుతూ మాట్లాడాడు, ఏం మాట్లాడాడు? అన్నీ కలిపి చూస్తే నాకొక చిత్రం తేలింది. శనివారం పోతూ పోతూ ఏదో చెడగొట్టి పోతాడు, సోమవారం వచ్చి బాగుచేస్తాడు. తను లేకపోతే మిల్లు లేదని మామకు చూపించడానికే ఇదంతా. చెడేది ఎప్పుడూ సోమవారమే కదా, ఇంకేం రుజువు కావాలి! మామకు చెప్పాను. ఆయన వక్క కొరుకుతూ విని, "నాకూ వాసన తగల్తానే ఉండాదిరా," అన్నాడు. ఆ మాటకు నా ఛాతీ పొంగింది.

తర్వాతి శనివారం మధ్యాహ్నం అతని వెనకే స్టేషనుకు పోయాను. ప్లాట్‌ఫారం మీద మూట పక్కన పెట్టుకుని కూచుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "మూటలో ఏందప్పా?" అన్నాను. అతను నా మొహం ఒకసారి చూసి, వంగి మూట విప్పాడు. రెండు మాసిన చొక్కాలు, ఒక పంచె, తుండుగుడ్డలో కట్టిన బొరుగులు. "బిడ్డకి," అన్నాడు. చుట్టూ జనం చూస్తున్నారు. నేను సిగ్గుపడవలసిన క్షణం అది. సిగ్గుపడలేదు. మూటలో ఏమీ పెట్టుకోలేదంటే ఎంత గట్టివాడో అనుకుంటూ తిరిగి వచ్చి, ఆలస్యమైపోయిందని అత్త కేకలు వేస్తుంటే గబగబా బిందెలు పట్టించాను.

ఆ సోమవారం ఇంజను తుమ్మలేదు కూడా. చక్రం తిప్పితే అడ్డన్నదే లేకుండా వదులుగా తిరిగింది. దేవసహాయం తల విప్పి చూశాడు. పిస్టను మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. "మొదలాళీ, జాయింటు కాదు ఇది. తల పగిలింది. అరక్కోణంలో పెరుమాళ్ళు నాయుడని రైల్వేలో పని చేసి దిగిన పెద్ద ఫిట్టరు ఉండాడు. ఆయన్ని పిలిపించండి. ఆయన చూస్తేనే నాకు మంచిది," అన్నాడు. తన పేరు దక్కాలంటే పరాయి మనిషి చూడాలని అతనికి తెలుసు. మేము అతని మాట నమ్మమని కూడా తెలుసు.

నాయుడు రెండు రోజుల తర్వాత వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాలకు ఒకవైపు దారం. మిల్లు ముందు ఎండలో బల్ల వేయించి, తలను దాని మీద పెట్టించాడు. చాకలి సోడా కలిపిన నీళ్ళతో కడిగించాడు. ఆరాక కుంచెతో కిరసనాయిలు పూసి, కాసేపు నాననిచ్చి, పొడిగుడ్డతో ఒక్క చుక్క లేకుండా తుడిచాడు. దాని మీద పల్చగా సున్నం పూయించాడు. వీధి సగం అక్కడే ఉంది. మామ కుర్చీలో, నేను ఆయన వెనక, దేవసహాయం ఎవరూ లేని పక్క చేతులు కట్టుకుని. సున్నం ఆరి తెల్లబడ్డాక నాయుడు కొయ్య సుత్తితో మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలకు ఆ తెలుపులో ఒక సన్నటి తడి గీత పుట్టి, అందరూ చూస్తుండగానే వంకరగా పాకింది. పగులులో దాక్కున్న కిరసనాయిలు బయటికి వస్తోంది. ఎవరో ఆడమనిషి "అమ్మో" అంది.

నాయుడు ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. "చూడు నాయనా, నట్టు బొక్కల్లోంచి బయల్దేరుంటే బిగించినోడి తప్పు. ఇది ఆడ మొదలు కాలేదు. పాత పగులైతే లోపల నల్లగా తుప్పు, ఉప్పు పేరుకోనుంటాది. ఇది మెరస్తా ఉండాది. కొత్తది. పోత మంచిదే. నీళ్ళ పక్కనుంచి, పైనుంచి చీలింది. తల బాగా కాలినప్పుడు చన్నీళ్ళు పోసినారు. ఒకసారి కాదు, చానాసార్లు. ఓర్చుకోనుండి ఓర్చుకోనుండి చీలింది."

ఆ క్షణంలో నాకు అంతా తెలిసిపోయింది. నా అనుమానాల్లో ఉన్న సోమవారాలన్నీ తిరిగి నా శనివారాల దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

నాయుడు తల పక్కనున్న చిన్న మూత విప్పించి, లోపల వేలు పెట్టి గీకాడు. బావి నీళ్ళకు పేరుకున్న తెల్లటి సున్నపు పెచ్చు ఊడి వచ్చింది, దాని మధ్య పొరలు పొరలుగా ఎర్రటి మడ్డి. "ఇదేంది, ఎర్రగా ఉండాదే? బావి నీళ్ళలో ఎరుపు యాడ్నించి వచ్చింది?" అని అందరి వైపూ చూశాడు. అది రంగు కొట్టం బిందెల అడుగున పేరుకున్న రంగు. రంగు కొట్టం గుమ్మంలో నిలబడ్డ అత్త రెండు చేతులూ కొంగు కింద దాచుకోవడం చూశాను. దేవసహాయం ఆ చేతుల వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను నోరు తెరిచాను. "జాయింటుకు ఎర్ర సీసం పూస్తాడు గదా తాతా, అదయ్యుంటాది," అన్నాను.

నాయుడు ఆ మడ్డిని వేళ్ళ మధ్య నలిపాడు. "సీసం ఇంత మెత్తగుండదే," అని గొణిగాడు. "సరి, నీళ్ళు దిగినప్పుడు ఇంజను కాడ ఎవురుండారు?"

"ఇంజను కాడ ఉండాల్సింది డ్రైవరే గదా," అన్నాడు మామ.

"శనివారం నీళ్ళు చూడకుండానే రైలుకు పోతాడు మామా," అన్నాను.

దేవసహాయం చేతులు దించాడు. "ఆ మాట నన్ను చూసి చెప్పప్పా," అన్నాడు. మొదటిసారి చిన్న మొదలాళీ అనలేదు. నేను సున్నం మీది గీతనే చూస్తూ నిలబడ్డాను. అది ఇంకా పాకుతూనే ఉంది.

ఆ సాయంత్రమే అతన్ని పంపేశారు. తాళం వేసిన పెట్టె తీసుకుపోతూ మా ముందే తెరిచి చూపించాడు, మేము అడగకముందే. మామ అంతటితో ఊరుకోలేదు. ఆర్కాడులో, పళ్ళికొండలో, వేలూరులో, అరక్కోణంలో తనకు తెలిసిన మిల్లులకు కార్డులు రాయమన్నాడు. "నీళ్ళు చూసుకోని డ్రైవరు, పనికి పెట్టుకోవద్దు" అని ఆయన చెప్పిన మాట. అరవంలో రాసింది నేను. "మనసులో చెడు ఉన్నవాడు" అన్న మాట మామ చెప్పలేదు. అది నేను చేర్చాను, నాలుగు కార్డుల్లోనూ. అంతగా చెడ్డవాడైతే నేను కొంచెం మంచివాణ్ణవుతానని కాబోలు.

ఏడేళ్ళ తర్వాత వేలూరులో అతని ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ధైర్యం వచ్చి కాదు, నాకొక కొడుకు పుట్టి పురిట్లోనే పోయాడు, భయం పుట్టింది. దేవసహాయం ఒక తోళ్ళ కార్ఖానాలో సున్నపు గుంతలకు నీళ్ళు తోడే పనిలో ఉన్నాడు. ఏ మిల్లూ అతనికి ఇంజను ఇవ్వలేదు. ఆ కార్ఖానాకే పోయి, గోడవారన నిలబెట్టి చెప్పాను, తొట్టిలో నీళ్ళు తీసింది నేను, పోసింది నేను అని. అతను సున్నానికి పగిలిన చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"తెలుసప్పా. ఆ పొద్దే తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే ఎవురు నమ్ముతారు? నువ్వు చెప్తావని చూస్తా నిలబడినా." బొక్కెన తాడు సరిచేసుకుంటూ, "మీ మామకు చెప్పినావా?" అన్నాడు.

"లేదు."

"ఆ కార్డులు పోయిన మిల్లులకు?"

తల అడ్డంగా ఊపాను.

"తెలిసినోడికి చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా?" అని, బొక్కెన ఎత్తుకుని లోపలికి పోయాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఇంటికి వచ్చి మామకు చెప్పాను. ఆయన వక్క నమలడం ఆపి, లేచిపోయి ఉమ్మేసి వచ్చాడు. తర్వాత, "అయిపోయినదాన్ని ఇప్పుడు తోడితే మన ఇల్లు నవ్వులపాలవతాది. ఊరుకో," అన్నాడు. ఊరుకున్నాను. ఆయన చెప్పాడు కాబట్టి ఊరుకున్నానని ఎన్నో ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, ఊరుకోమన్నందుకు నాకు ప్రాణం లేచి వచ్చింది. చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఏదంటే, తల పగలగొట్టడం కాదు, సీసం అని చెప్పిన అబద్ధం కూడా కాదు. ఆ రోజు నాకు కలిగిన ఆ సుఖం.

ఆ రోజుల్లో మనిషి కన్నా ముందు అతని మీద రాసిన కార్డు ఊరు చేరేది. దాన్ని చదివినవాడు, అవునా కాదా అని ఒక పోగు లాగి కూడా చూసేవాడు కాదు. నూలును అంత పరీక్షించే మావాళ్ళు మనిషి పేరును ఒక్క మాటతో తెంచేసేవాళ్ళు. ఇప్పుడు మిల్లులన్నిటికీ కరెంటు మోటార్లు వచ్చాయి. మీట నొక్కితే తిరుగుతాయి, నీళ్ళూ లేవు, గీతా లేదు. పనివాణ్ణి తీసెయ్యాలంటే కారణం రాసివ్వమని సంఘం వాళ్ళు వచ్చి కూచుంటారు. మా ఈడువాళ్ళు ఇదేం కాలం అని విసుక్కుంటారు. నేను విసుక్కోను.

మామ పోయాడు, అత్తా పోయింది. దేవసహాయం పోయాడని పదేళ్ళ కిందట విన్నాను. కూతురికి పెళ్ళయి ఎక్కడికో పోయిందట, ఆచూకీ దొరకలేదు. ఆ నాలుగు మిల్లుల్లో మూడు మూతపడ్డాయి. ఆర్కాడు మిల్లు ఒకటే మిగిలింది. పోయిన శీతాకాలంలో అక్కడికి పోయాను. నేను కార్డు రాసిన మొదలాళి లేడు. మనవడు కూచుని ఉన్నాడు, మంచి కుర్రవాడు, కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు. నలభై ఏళ్ళ కిందట ఒక మనిషి గురించి మీ తాతకు తప్పు రాశాను, అది అబద్ధమని చెప్పిపోదామని వచ్చాను అన్నాను. ఆ అబ్బాయి ఏమీ అర్థంకాక, మర్యాదగా నవ్వి, ముందుకు వంగాడు.

"దేవసహాయమా? ఎవురు సామీ ఆయన?"

"మంచి ఇంజను డ్రైవరు," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.